గోడవైపు తిప్పిన దేవుడు

మయూర్ విహార్, ఢిల్లీ
9 జూన్ 1986

పిన్నికీ బాబాయికీ కమల నమస్కారాలు.

బాబాయి కాలికి కట్టు విప్పారా? కట్టుతోనే వీధి అరుగు మీద చేరి పేపరు చదువుతున్నారని రాశావు. కాస్త గట్టిగా కేకలెయ్యి. నీ కేకలకు కాదుగాని, నీ కాఫీకైనా లోపలికి వస్తారు.

నాకు అయిదో నెల నడుస్తోంది. వెనకటి రెండుసార్లూ మూడో నెల దాటలేదు కదా, అందుకని ఈసారి లేడీ డాక్టరు మెట్లు దిగొద్దు, బస్సెక్కొద్దు, రైలు మాట అసలే ఎత్తొద్దు అంది. పురిటికి బాపట్ల రావడం కుదరదు పిన్నీ. నువ్వూ బాబాయిని మంచంలో వదిలి రాలేవు. అమ్మ లేని లోటు నువ్వెప్పుడూ తెలియనివ్వలేదు గాని, ఇప్పుడు మాత్రం నువ్వు పక్కన ఉంటే బాగుండునని రోజుకోసారైనా అనిపిస్తోంది.

మొన్న ఇక్కడొక సంగతి జరిగింది. మా పై అంతస్తులో ఉండే వెంకటసుబ్బయ్య అంకుల్‌కు టెలిగ్రాం వచ్చింది. ఎండాకాలమని ఊరికెళ్లిన వాళ్లమ్మగారు అక్కడే పోయారట. ఆయనా, నాగేంద్రమ్మ ఆంటీ, పిల్లలూ ఉన్నపళంగా బయల్దేరారు. మైలలో సాలగ్రామాన్ని ముట్టుకోకూడదు, పూజ మానకూడదు. ఏం చెయ్యాలో తోచక అంకుల్ మెట్ల మీదే నిలబడిపోయారు. మీ అల్లుడు వెంటనే స్నానం చేసి, మడి పంచె కట్టుకుని పైకెళ్లి, వాళ్ల సాలగ్రామాన్ని పళ్లెంలో పెట్టి మనింటికి తెచ్చేశారు. "మీరొచ్చేదాకా మా లక్ష్మీనారాయణుడితో పాటే అభిషేకమూ నైవేద్యమూ" అని మాటిచ్చారు. "మాది ఉగ్రనరసింహమూర్తి బాబూ, పూట తప్పనివ్వకండి" అని అంకుల్ కళ్లు తుడుచుకున్నారు.

ఇంతలో మీ అల్లుడికి టూరు పడింది. బ్రహ్మపుత్ర మీద వరద కొలతలు, అక్టోబరు దాకా అక్కడే గుడారాల్లో. వెళ్లేముందు నన్ను పిలిచి ఏది మనదో, ఏది వాళ్లదో చూపించారుగాని, పొయ్యి మీద పాలు పొంగుతుంటే సగం విన్నాను. పోనీలే, ఇద్దరికీ ఒకటే పూజ. నేను చేత్తో ముట్టుకోనక్కర్లేదట. ఉద్ధరిణెతో నీళ్లు పోసి, పైనుంచి తులసి వేసి, పాలు నైవేద్యం పెడితే చాలట.

అంతా బాగానే ఉంది. ఈసారి మాగాయ పంపేటప్పుడు మూతకు గుడ్డ బిగించి కట్టించు.

నీ కమల


బాపట్ల
16 జూన్ 1986

కమలా,

ముందు దీవెనలు. తర్వాత తిట్లు.

నీ ఉత్తరం చదువుతూ కాఫీ గ్లాసు కింద పెట్టేశాను. మళ్లీ ముట్టుకోలేదు. ఒక్క ఇంట్లో రెండు సాలగ్రామాలు పెట్టుకుంటారా ఎవరైనా? ఒకటుంటే సరే. నాలుగున్నా సరే, ఆరున్నా సరే. బేసిలో ఒకటి తప్ప ఇంకేదీ పనికిరాదు, సరిలో రెండు పనికిరాదు. మీ బాబాయిని అడిగితే పడుకునే శ్లోకం చదివి, "ఈ సంగతి మన అల్లుడు చెన్నకేశవులికి తెలియదా, ఇన్నేళ్లు పూజ చేస్తున్నాడే" అని నొచ్చుకున్నారు. అల్లుణ్ణి ఏమీ అనకూడదు గాని, మంచితనం ఉన్నచోట బుర్ర ఉండదు.

అందులోనూ ఉగ్రనరసింహుడు! కడుపుతో ఉన్నదాని ఇంట్లో! ఆయన నోరు ఇంత తెరుచుకుని ఉంటుంది, చూశావా? నిష్ఠగా ఉండే మగవాళ్లే ఆ మూర్తిని ఇంట్లో పెట్టుకోవడానికి జంకుతారు. మొగుడు ఊళ్లో లేడు, నీకు అత్తా లేదు, తల్లీ లేదు. నువ్వూ, ఆ నోరూ, ఆ ఇంట్లో!

చెప్పినట్టు విను. ఎవరికైనా అప్పగించేదాకా ఆ నోటిని గోడవైపు తిప్పి పెట్టు. మంగళగిరిలో చేసినట్టు రోజూ కాస్త పానకం పొయ్యి, చల్లబడతాడు. జుట్టు విరబోసుకుని ఆ గదిలోకి వెళ్లకు. దీపం పెట్టేటప్పుడు తిన్నగా చూడకు. మన లక్ష్మీనారాయణుడు శాంతమూర్తి, ఆయన్ని గట్టిగా పట్టుకో.

భయపడకు. భయపడితే కడుపులో బిడ్డకు మంచిది కాదు.

మాగాయ రైల్వే పార్సిల్లో వేయించాను.

కాంతమ్మ పిన్ని


మయూర్ విహార్
23 జూన్ 1986

పిన్నీ,

భయపడకు అని ఒక్క ముక్క రాశావు. దానికి ముందు పేజీ నిండా భయపెట్టావు.

ఉత్తరం చదివాక వెళ్లి తేరిపారా చూశాను. ఇన్నాళ్లూ రెండు నల్లరాళ్లు, మీద తులసి, అంతే అనుకున్నాను. ఇప్పుడు చూద్దును కదా, ఒకదానికి నోరు ఎంత ఉందంటే నా బొటనవేలు దూరిపోతుంది. లోపల సుడులు సుడులుగా పళ్లవరసలా ఉంది. రెండోది గుండ్రంగా, నున్నగా, కాస్త పచ్చబారి ఉంది. నోరు సన్నటి గీతంత. చూడగానే తెలిసిపోయింది ఏది ఎవరో. ఇన్నాళ్లూ దాని ఎదురుగానే కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాను.

చేత్తో ముట్టుకోకూడదని చెక్కగరిటెతో ఆ పెద్దనోటిదాన్ని గోడవైపు తిప్పాను. దొర్లి రెండోదానికి కొట్టుకుంది. ఠంగుమన్న ఆ చప్పుడుకు గరిటె వదిలేశాను. పానకం పోస్తున్నాను. పోస్తున్నంతసేపూ కళ్లు మూసుకుంటున్నాను, సగం పళ్లెం బయటే పడుతోంది, చీమలు.

ఇప్పుడు ప్రతిదానికీ ఉలికిపడుతున్నాను. కరెంటు పోతే ఆయనే. పాలు విరిగితే ఆయనే. నిన్న కడుపు బిగపట్టినట్టయితే గోడకు ఆనుకుని, "నన్నేమైనా చెయ్యి, దీన్నేం చెయ్యకు" అని ఆ గదివైపు తిరిగి దణ్ణం పెట్టాను. ఇవి కొత్త ఫ్లాట్లు, సగానికి పైగా తాళాలే. గాలి వీస్తే యమున ఒడ్డు ఇసకంతా గదుల్లోకి వస్తుంది. ఆ చప్పుడు కూడా మంచిగా అనిపించడం లేదు.

అంకుల్ దగ్గర్నుంచి కార్డు వచ్చింది. వాళ్ల నాన్నగారు మంచం పట్టారట, సెప్టెంబరు దాకా రాలేరట. నేను జవాబు రాయలేదు. అంత దుఃఖంలో ఉన్నాయనకు మీ దేవుడంటే భయం వేస్తోందని ఎలా రాయను?

పక్క పాకెట్‌లో (ఇక్కడ బ్లాకుల్ని అలా అంటారు) కస్తూరి అని మనవాళ్లమ్మాయి, టెలిఫోన్స్‌లో పని చేస్తుంది. ఆ అమ్మాయి మన తెలుగువాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. ఒకరింట్లో ఇప్పటికే ఒకటి ఉంది, ఇది పెడితే రెండవుతాయి. ఒకరికి క్యాంపులు, పూట తప్పుతుందని భయం. ఒకావిడ పేరు వినగానే "అమ్మో నరసింహుడా!" అని మంచినీళ్లు కూడా ఇవ్వకుండా పంపేసిందట. గుడిలో అడిగితే పూజారి, "ఢిల్లీలో బదిలీ అయిన ప్రతివాడూ ఇక్కడే వదిలి పోతున్నాడమ్మా, ఇక చోటు లేదు" అన్నాడట.

మీ అల్లుడికి రాయలేదు. ఉత్తరం ఆ గుడారానికి చేరేసరికి ఎన్నాళ్లవుతుందో. చేరినా, తిడతారు.

నాలుగైతే దోషం లేదన్నావు కదా. కరోల్ బాగ్‌లో ఒక పూజాసామాన్ల కొట్లో నేపాల్ నుంచి తెచ్చినవి అమ్ముతారట. ఇంకో రెండు కొనమంటావా?

కమల


బాపట్ల
30 జూన్ 1986

కమలా,

కొంటావా? వంకాయలా అవి? సాలగ్రామానికి వెల కట్టినవాడికీ, వెల ఇచ్చినవాడికీ కూడా పాపమే. ఎవరైనా చేతుల్లో పెడితే పుచ్చుకోవాలి, అంతే. రెండింటితోనే కడుపు బిగబడుతుంటే నాలుగింటి నైవేద్యం ఎవరు చేస్తారు? ఆ కస్తూరిని ఆ కొట్టు దరిదాపులకు కూడా పంపకు. యమునలో కలిపెయ్యాలనే ఆలోచనా రానివ్వకు. అది పరాయి సొత్తు.

గరిటెతో తిప్పావా! మీ బాబాయి ఎన్నాళ్ల తర్వాతో ఇవాళే పడీపడీ నవ్వారు. నవ్వి, కాలు నొప్పని మూలిగారు. నాకు మాత్రం నవ్వు రాలేదు. కడుపు బిగపట్టడం ఒకసారేనా, మళ్లీ వచ్చిందా? డాక్టరుకు చెప్పావా? ముందు అది రాయకుండా చీమల సంగతి రాస్తావేం?

నాకు రాత్రిళ్లు సరిగా నిద్ర పట్టడం లేదు. కునుకు పడితే నువ్వు చిన్నప్పటి గౌనులో గోడవైపు తిరిగి నిలబడినట్టు కనిపిస్తావు. పిలిస్తే ఇటు తిరగవు.

తులసి మాత్రం మానకు. స్వామి రాయి కావడానికి కారణం ఆవిడ శాపమే. పతివ్రతను మోసం చేశాడు, "గుండె రాయి చేసుకున్నావు గనక రాయివై పడి ఉండు" అంది. గండకీ నదిలో రాయై పడ్డాడు, పురుగులు తొలిచి ఆ చక్రాలు చెక్కాయి. అంత కోపమొచ్చినావిడే ఇప్పటికీ ఆకై ఆయన నెత్తినెక్కి కూర్చుంటుంది. ఆవిడ మీద ఉన్నంతసేపూ ఆయన కాస్త అణిగి ఉంటాడని నా నమ్మకం. మీ బాబాయి ఇది శాస్త్రంలో లేదంటున్నారు. శాస్త్రం రాసింది మగవాళ్లు.

ఎలాగైనా ఆ పెద్దనోటిదాన్ని ఇల్లు దాటించు.

పిన్ని


మయూర్ విహార్
12 జులై 1986

పిన్నీ,

వెళ్లిపోయాడు! నరసింహుడు ఇల్లు దాటాడు!

కరోల్ బాగ్‌లో కనకయ్యగారని, కలెక్టరు పరీక్షలకు చదివే మనవాళ్లకు మెస్ నడుపుతారు. భార్య పోయారు, పెద్దాయన. కస్తూరి అక్కడ ఎవరికో ఈ కథ చెబుతుంటే, లోపల సాంబారు కలుపుతున్నాయన గరిటె వదిలేసి బయటికొచ్చారట. ఆయన దగ్గర మూడున్నాయి! బేసి! నాలుగోది తనంతట తాను ఎప్పుడు వస్తుందా అని ఎదురు చూస్తూ ఎన్నేళ్లుగానో బెంగపడుతున్నారట. భయంతో వణికేవాళ్లం మనమే కాదు పిన్నీ, ఈ ఊళ్లో ఇంకొకరున్నారు.

నిన్న పట్టుపంచెలో, బస్సు మారి బస్సెక్కి, చెమటలు కక్కుకుంటూ వచ్చారు. కళ్లలో పొరలొచ్చి చూపు సరిగా ఆనదు. "ఏదమ్మా నరసింహమూర్తి?" అని అడిగారు. గోడవైపు తిరిగి ఉన్నదాన్ని చూపించాను. ఆయన తీసుకుని నోట్లో వేలు పెట్టి తడిమి, "అమ్మో, ఉగ్రుడే తల్లీ" అని కళ్లకద్దుకుని గుడ్డలో చుట్టుకున్నారు. రోజూ పానకం పొయ్యమని చెప్పాను. "వెంకటసుబ్బయ్యగారు ఎప్పుడొస్తే అప్పుడు ఇచ్చేస్తాను, అందాకా నా నాలుగోది" అన్నారు.

తలుపు వేశాక కూర్చుని ఏడ్చాను. తర్వాత నీ మాగాయతో రెండుసార్లు అన్నం తిన్నాను. ఇప్పుడు మన లక్ష్మీనారాయణుడొక్కడే గుండ్రంగా, బుద్ధిగా పళ్లెంలో ఉన్నాడు. ఎదురుగా కూర్చుని మళ్లీ చిక్కుడుకాయలు ఒలుస్తున్నాను.

కడుపు బిగపట్టడం మళ్లీ రాలేదు. డాక్టరుకు చెప్పాను. పడుకోమంది, పడుకుంటున్నాను.

నీ కమల


బాపట్ల
19 జులై 1986

చిట్టితల్లీ,

నీ ఉత్తరం రాగానే మన రామాలయంలో కొబ్బరికాయ కొట్టించి, ఇంటికొచ్చి ఒక పూటంతా పడుకున్నాను. ఆ కనకయ్యగారు ఎవరో, నూరేళ్లు బతకాలి.

ఇంక ఏ భయమూ లేదు. మనవాడు శాంతమూర్తి, ఆయనతో ఎంత చనువుగా ఉన్నా ఏమీ అనడు. ఏం కావాలన్నా అడుగు. పిల్లకు మంచి రంగు కావాలని అడిగినా తప్పు లేదు. పిల్లో పిల్లాడో నాకు తెలియదు గాని, ఎందుకో పిల్ల అనే వస్తోంది నోటికి.

పిన్ని


మయూర్ విహార్
14 ఆగస్టు 1986

పిన్నీ, కంగారు పడకుండా చదువు. ముందే చెబుతున్నాను, నేను బాగానే ఉన్నాను, లోపలిదీ బాగానే ఉంది.

పోయిన వారం మధ్యాహ్నం పెద్ద వాన. రోడ్ల మీద మోకాలి లోతు నీళ్లు, కరెంటు లేదు. వంటింట్లో ఉండగా నడుంలో నొప్పి మొదలై కడుపంతా రాయిలా అయిపోయింది. వెనకటి రెండుసార్లూ ఇలాగే మొదలైంది. కిటికీలోంచి కింది ఫ్లాటు దీదీని పిలిచాను. ఆవిడ పైకొచ్చి నా మొహం చూసి, "లేటీ రహో, మై టాక్సీ లాతీ హూ" (పడుకునే ఉండు, టాక్సీ తెస్తాను) అని ఆ వానలోనే పరుగెత్తింది. టాక్సీ దొరకడానికి ఎంతసేపు పట్టిందో తెలియదు. నేనొక్కదాన్నే.

నాకు చచ్చేంత భయం వేసింది పిన్నీ. ఇది కూడా పోతుందనుకున్నాను. పాక్కుంటూ దేవుడి గూటి దగ్గరికి వెళ్లి, ఏం చేస్తున్నానో ఆలోచించకుండా చెయ్యి చాపి ఆయన్ని తీసేసుకున్నాను. మడి లేదు, స్నానం లేదు, ఆడదాన్ని. చల్లగా, బరువుగా ఉన్నాడు. ఎన్ని నీళ్లు పోసినా పోని గంధం వాసన. కడుపు మీద పెట్టుకుని రెండు చేతులూ కప్పాను. "నీకు పాలు పోశాను, నీ ఎదురుగా కూర్చుని కబుర్లు చెప్పాను, నీకు సిగ్గుంటే దీన్ని పోనివ్వకు" అని తిట్టాను. దేవుణ్ణి అలా తిట్టొచ్చని అప్పటిదాకా నాకు తెలియదు.

నొప్పి తగ్గలేదు. భయం తగ్గింది. టాక్సీ వచ్చేదాకా ఏడవకుండా కూర్చోగలిగాను.

డాక్టరు ఇంజెక్షన్లు ఇచ్చి నాలుగు రోజులు ఆస్పత్రిలో ఉంచేసింది. బిడ్డ గుండె చప్పుడు నాకు వినిపించింది, గుర్రం పరుగెత్తినట్టుంది. ఆ నాలుగు రోజులూ పూట తప్పిందని బెంగపడుతూ ఇంటికొస్తే, దీదీ నవ్వుతూ, "అరే, మా ఠాకుర్‌జీతో పాటు మీ ఠాకుర్‌జీకీ భోగ్ పెట్టాను. ఖీర్ తిన్నారు, ఖుష్ ఉన్నారు" అంది. చక్కెర వేసిన పాయసం, కుంకుమపువ్వుతో. మనవాడు అంత మంచి భోజనం ఎప్పుడూ ఎరగడు.

రోజూ చేత్తోనే తీసి కడుగుతున్నాను. కోప్పడితే కోప్పడు.

నీ కమల


మయూర్ విహార్
15 సెప్టెంబరు 1986

పిన్నీ,

ఈ ఉత్తరం ఎలా మొదలుపెట్టాలో తెలియక రెండు ఇన్‌ల్యాండ్‌లు పాడు చేశాను. కూర్చుని చదువు. కాఫీ తాగేశాక చదువు.

వెంకటసుబ్బయ్య అంకుల్ వాళ్లు తిరిగొచ్చారు. వాళ్ల నాన్నగారికి నయమైంది. నేను తలొంచుకుని కనకయ్యగారి సంగతంతా చెప్పాను. అంకుల్ కోప్పడలేదు. "రెండు ఉండకూడదని నాకూ తట్టలేదమ్మా, ఆ టెలిగ్రాం చేతిలో ఉంటే ఏం తడుతుంది" అని స్నానం చేసి కరోల్ బాగ్ వెళ్లారు. సాయంత్రం ఉత్త చేతులతో వచ్చారు. "అక్కడ నాలుగున్నాయి. ఏదీ మాది కాదు" అన్నారు.

పోగొట్టానా? మార్చేశారా? ఆంటీ మెల్లిగా మా దేవుడి గూటి దగ్గరికి వెళ్లి తలుపు తీసింది. తీసి, "ఏమండీ, ఇటు రండి" అంది.

పిన్నీ, మా ఇంట్లో ఉన్నదే నరసింహుడు. కనకయ్యగారికి నేనిచ్చింది మన లక్ష్మీనారాయణుణ్ణి.

పోయిన వాళ్లమ్మగారు రోజూ గంధం అరగదీసి ఇస్తే, అంకుల్ దాన్ని ఆ నోట్లో అద్దేవారట. సింహాచలంలో అప్పన్నకు పూసినట్టు, చల్లబడాలని. ఆవిడ కాపురానికి వచ్చిన నాటి నుంచీ, ముందు మామగారి చేత, తర్వాత మొగుడి చేత, కొడుకు చేత. అది గట్టిపడి గట్టిపడి నోరంతా పూడిపోయింది. ఆ పచ్చదనం గంధమే. నేను శాంతం అనుకున్న మొహం గంధం కింద ఉన్న ఉగ్రం. మన శాంతమూర్తికి పుట్టుకతోనే నోరు పెద్దది, మీ అల్లుడు బుద్ధిమంతుడు కాబట్టి రోజూ శుభ్రంగా కడిగేవారు. పాపం ఆయన్ని గరిటెతో గోడవైపు తిప్పి, అక్కర్లేకపోయినా పానకం పోసి, చివరికి ఇంట్లోంచి గెంటేశాను. ఇద్దర్నీ చూపించి పాల కోసం పరుగెత్తనిచ్చిన మీ అల్లుణ్ణి నేను తిట్టాలో, ఆయన నన్ను తిట్టాలో, వచ్చాక తేలుతుంది.

నేను వణికింది శాంతమూర్తి ముందు పిన్నీ. నొప్పి వచ్చినప్పుడు ఒళ్లో పెట్టుకుని తిట్టింది ఉగ్రనరసింహుణ్ణి.

విన్న క్షణంలో గూటికి దూరంగా జరిగిపోయాను. ఇన్నాళ్లూ ముట్టుకున్నాను, మైల లేదు మడి లేదు, చిక్కుళ్లు ఒలిచాను. ఆంటీ దగ్గరికి తీసుకుంది. "పిచ్చిదానా, ఆ నోరు ఎవరి కోసం తెరిచాడు? పసివాడి జోలికి వచ్చాడనే కదా స్తంభం చీల్చుకుని వచ్చింది. ఆ పసివాడు తల్లి కడుపులో ఉండగానే ఆయన పేరు విన్నాడు. కడుపుతో ఉన్నదాన్ని ఆయనెందుకు భయపెడతాడు" అంది. తర్వాత గూటివైపు తిరిగి, "ఏరా, అయితే ఇన్నాళ్లూ పానకం లేదా నీకు?" అని దేవుణ్ణి పరామర్శించింది.

అంకుల్ ఆయన్ని తీసుకెళతానంటే నేనే వద్దన్నాను. ఒక్కటే ఉంది కనక దోషం లేదు. పురుడొచ్చేదాకా ఉంచమన్నాను. కనకయ్యగారు మనదాన్ని మీ అల్లుడొచ్చేదాకా కదలనివ్వరట, తీస్తే మళ్లీ మూడవుతాయని.

ఇంకా భయంగానే ఉంది. అబద్ధం చెప్పను. కాని ఉంచుకున్నాను.

కమల


బాపట్ల
21 సెప్టెంబరు 1986

కమలా,

వెంటనే పంపెయ్యి. ఈ ఉత్తరం అందిన గంటలో పైకి పంపెయ్యి. ఆ నాగేంద్రమ్మగారు చెప్పింది నిజమే కావచ్చు, వాళ్లు అలవాటు పడ్డవాళ్లు. నువ్వు తెలియక చేసింది తెలియనన్నాళ్లే చెల్లుతుంది. ఇప్పుడు తెలిసింది కదా.

మీ బాబాయి, "పెద్దనోరు చూడమని చెప్పింది నువ్వు, అదేమో అలాగే చూసింది" అన్నారు. అవును, నేనే చెప్పాను. చూడని రాయి గురించి ఇక్కడ కూర్చుని ఉత్తరం రాశాను. ఏం చెయ్యను, భయమేస్తే నా చెయ్యి ఊరుకోదు.

నీకెప్పుడూ చెప్పని మాట ఒకటుంది. మీ అమ్మ, మా అక్క, రెండో కాన్పులో పోయిందని నీకు తెలుసు. ఎలా పోయిందో చెప్పలేదు. ఆ ఇంట్లో రెండు సాలగ్రామాలూ లేవు, ఉగ్రమూర్తీ లేడు. ఏ పూజా తప్పలేదు. అక్క చెయ్యని నోము లేదు. డాక్టరూ ఉన్నాడు, మంత్రసానీ ఉంది, నేనూ పక్కనే ఉన్నాను. తెల్లవారేసరికి తల్లీ లేదు, పిల్లాడూ లేడు. నీకప్పుడు మూడేళ్లు. గోడవైపు తిరిగి నిలబడ్డావు. ఎంత పిలిచినా ఇటు తిరగలేదు.

అప్పట్నుంచీ ఎవరికి నెల తప్పినా నేను ముందు తప్పు వెతుకుతాను. తప్పు దొరికితే సరిచేసుకోవచ్చు. ఏ తప్పూ లేకుండానే మనిషి పోతే, ఎవర్ని పట్టుకుని అడగను కమలా? ఆ రాయి మీద పడ్డానుగాని, నా భయం రాయిది కాదు.

అయినా సరే, పంపెయ్యి. నా కోసం.

మీ బాబాయికి కర్ర పట్టుకుని నడక వచ్చింది. ఆయన్ని మా ఆడపడుచుకు అప్పగించి రైలెక్కాలని చూస్తున్నాను. అక్టోబరు పదో తారీకుకు గాని టిక్కెట్టు దొరకలేదు. అప్పటిదాకా ఆగమని లోపలిదానికి చెప్పు.

పిన్ని


మయూర్ విహార్
3 అక్టోబరు 1986

పిన్నీ,

లోపలిదానికి చెప్పాను. వినలేదు. టెలిగ్రాం ఇచ్చాం గాని, అది ముందు చేరుతుందో ఇది ముందు చేరుతుందో తెలియదు. నిన్న ఉదయం ఆడపిల్ల. రోజులు నిండకుండానే వచ్చిందిగాని బాగుంది. నేనూ బాగున్నాను. నీ నోటికి పిల్ల అనే వచ్చింది, అదే అయింది.

నీ ఉత్తరం నాకు పోయిన వారమే వచ్చింది. గోడవైపు తిరిగి నిలబడ్డ సంగతి నాకు జ్ఞాపకం లేదు పిన్నీ. వెనకనుంచి నువ్వు ఎత్తుకోవడం మాత్రం జ్ఞాపకం ఉంది. నీ భుజం మీద పసుపు వాసన.

నువ్వు పంపెయ్యమన్నావు. నేను పంపలేదు. నీ మాట కాదన్నది ఇదే మొదలు. నీకు కోపం వస్తుందని తెలుసు, అయినా ఆయన పక్కన లేకపోతే నాకు ఇంకా ఎక్కువ భయం వేసేది. నొప్పులు మొదలయ్యాక, టాక్సీ కింద హారను కొడుతుంటే, ఆయన్ని చివరిసారి చేత్తో కడిగి, తులసి పెట్టి, ఆంటీ పట్టుకొచ్చిన పళ్లెంలో నేనే ఉంచాను. అంకుల్ మెట్ల మీద నిలబడి, "మా ఇంటి మైలకు మీ ఇంటికొచ్చాడు, మీ ఇంటి పురుడుకు మా ఇంటికొస్తున్నాడు. వాడికీ కాస్త గాలి మార్పు" అన్నారు. అంత నొప్పిలోనూ నాకు నవ్వొచ్చింది. ఆంటీ అప్పుడే ఇంత పానకం కలిపి ఉంచింది. గంధం కూడా తీసి పెట్టుకుంది.

ఆస్పత్రిలో భయం వెయ్యలేదని అనను. చాలా వేసింది. అమ్మ గురించి నువ్వు రాసిందంతా తలలో తిరిగింది. అమ్మ కూడా ఇలాగే పైకప్పు చూస్తూ పడుకుందేమో అనుకున్నాను. ఏ తప్పూ చెయ్యకుండానే పోవచ్చని నువ్వు రాసిన మాటే నాకు ఎక్కువ ధైర్యం ఇచ్చింది, విచిత్రంగా ఉంది కదా. ఇన్ని తప్పులు చేసినదాన్ని బతకనూ వచ్చు అనిపించింది.

పుట్టగానే అది ఏడవలేదు. నర్సు తలకిందులుగా పట్టుకుని కొట్టింది. అప్పుడు తెరిచింది పిన్నీ, నోరు. మొహమంతా నోరే. గదిలో ఇంకో మాట వినపడలేదు. నర్సు నవ్వి, "షేర్నీ ఆయీ హై" అంది. ఆడసింహం వచ్చిందట.

మీ అల్లుడికి తంతి వెళ్లింది. నువ్వు పదో తారీకున రైలెక్కి వచ్చెయ్యి. ఇది పగలూ రాత్రీ తేడా లేకుండా నోరు తెరుచుకునే ఉంటుంది. పక్క మంచాలవాళ్లు భయపడుతున్నారు. నువ్వే వచ్చి చెప్పు పిన్నీ, దీన్ని ఏ గోడవైపు తిప్పమంటావు?

నీ కమల